బెజవాడలో ఒక గంట మౌనం

ఈ ఏడాది మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ దూరప్రయాణాలు చేసొచ్చారు. తెలుగు మాస్టారు కేదార్‌నాథ్ వెళ్ళొచ్చి ఇప్పటికీ మోకాళ్ళు పట్టుకునే మాట్లాడుతున్నారు. కెమిస్ట్రీ మేడమ్ సింగపూర్ రోడ్ల మీద ఉమ్మి కనపడదన్న సంగతి మూడు వారాల పాటు చెప్పారు. నేను వెళ్ళింది కూచిపూడి నుంచి విజయవాడకు. అరవై కిలోమీటర్లు. నాలుగు రోజులు పట్టింది. ఆ దారిలో ఇంత నెమ్మదిగా ప్రయాణించినవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి, రాసే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

తీసుకెళ్ళింది మా బావగారిని. మా అక్క భర్త. అరవై ఆరేళ్ళు. కూచిపూడిలో నాట్యం నేర్పుతారు, నట్టువాంగం చేస్తారు. అంటే వేదిక పక్కన కూర్చుని తాళాలు మోగిస్తూ జతులు పలుకుతూ పాడతారు. ఆయన నోరు పలికితేనే నాట్యం చేసే పిల్లల కాళ్ళు కదులుతాయి. రెండు నెలల కింద ఎడమ దవడ కింద ఒక గడ్డ తేలింది. సూదితో తీసి చూస్తే క్యాన్సర్ కణాలు కనిపించాయి. అయితే అది అక్కడ పుట్టింది కాదు, ఎక్కడో పుట్టి అక్కడికి వచ్చి కూర్చుంది. ముక్కులోంచి కెమెరా గొట్టం వేసి చూసినా ఎక్కడిదో తేలలేదు.

"దీని పుట్టిల్లు తెలియాలండీ," అన్నారు బందరు డాక్టరుగారు. "స్వరపేటికలో పుట్టి ఉంటే వైద్యంలో గొంతు పోయే అవకాశముంది. వేరేచోట అయితే గొంతు నిలుస్తుంది. విజయవాడలో పెట్ స్కాన్ చేయించుకు రండి."

బావగారు ప్రాణం గురించి ఏమీ అడగలేదు. "ఎప్పుడు తెలుస్తుంది?" అని మాత్రం అడిగారు.

అక్కకు మోకాళ్ళ నొప్పులు. నేను పామర్రు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్కాన్ కాగితంలో 'రేడియోధార్మిక' అన్న మాట కనపడగానే మా ఇంట్లో అందరూ నావైపే చూశారు. ముప్ఫై ఏళ్ళలో నా చదువుకు దక్కిన మొదటి గౌరవం అది.

ఉయ్యూరు మీదుగా

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక మగవాళ్ళకు సీటు దొరకడం పూర్వజన్మ సుకృతం. మాకు పామర్రులో చెరో చోట దొరికి, ఉయ్యూరు లోపు సర్దుకుని ఒకచోటికి చేరాం. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు పావుగంట నడిచింది. బెల్లపు పాకం మాడినట్టు వాసన. బావగారు కిటికీలోంచి ఆ వాసన పీల్చుకుని నావైపు తిరిగారు.

"ఏవోయ్, ఆ పెట్టె ఏం చేస్తుందసలు? నాకర్థమయ్యేట్టు చెప్పు. నీ స్టూడెంట్లకి చెప్పినట్టు వద్దు."

"పెళ్ళిలో బంతి భోజనాలనుకోండి బావగారూ. ఎవరు ఎక్కువ తింటున్నారో కనిపెట్టాలి. వడ్డించే పప్పులో చీకట్లో మెరిసే పొడి కలిపి, కాసేపాగి లైట్లు ఆర్పేస్తాం. ఎవరి పొట్ట ఎక్కువ మెరిస్తే వాడే దొంగ. క్యాన్సర్‌కి చక్కెర ఆకలి ఎక్కువ. అందుకని చక్కెర లాంటి మందులో మెరిసేది కలిపి నరంలోకి ఎక్కిస్తారు."

"తిండిపోతుని పట్టుకునే మిషనన్నమాట."

"అంతే."

"మరి నీకెప్పుడూ చేయించలేదే?"

బావమరిదిగా పుట్టాక ఇలాంటివి జీతంలో భాగం.

గవర్నర్‌పేట

స్కాన్‌కు పొద్దున్న ఏడింటికల్లా పరగడుపున రమ్మన్నారు కాబట్టి ముందు రోజే వెళ్ళి గవర్నర్‌పేటలో లాడ్జిలో దిగాం. రోజుకు తొమ్మిది వందలు. కిటికీ తెరిస్తే ఎదురు షాపు బోర్డు వెనకభాగం కనిపిస్తుంది. అది చూడదలచుకోనివాళ్ళు కిటికీ మూసుకోవచ్చు.

చిక్కల్లా భోజనం దగ్గర వచ్చింది. స్కాన్ ముందు రోజు అన్నం, చపాతీ, పళ్ళు, తీపి ఏవీ వద్దని కాగితంలో ఉంది. గుడ్లు, చేపలు, కోడిమాంసం తినమన్నారు. బావగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చివరికి ఒక శాకాహార హోటల్లో కూర్చున్నాం.

"రెండు మీల్సాండీ?" అన్నాడు సర్వరు.

"ఒకటి మామూలుది. ఒకటి అన్నం లేకుండా," అన్నాను.

"అన్నం లేకుండా మీల్స్ ఏంటండీ?"

"తోటకూర, పనీరు, మజ్జిగ. అన్నం వద్దు."

అతను బావగారిని జాలిగా చూశాడు. "షుగరాండీ? మా నాన్నకీ ఉంది. అయినా కాస్త పెట్టించుకుంటాడండీ."

నా కోసం అన్నం వచ్చింది. పక్కనే నెయ్యి. డెల్టాలో పుట్టిన మనిషి ఎదురుగా కూర్చుని అతనికి లేని అన్నం తినడం సులువు కాదు, కానీ తిన్నాను. బిల్లులో రెండు భోజనాలకీ ఒకే ధర వేశారు. మా ప్రాంతంలో భోజనంలో అన్నం వాటా ఎంతో అప్పుడు తెలిసింది: సున్నా.

నేల కింద

స్కాన్ సెంటరు ఒక భవనం బేస్‌మెంటులో ఉంది. మెట్లు దిగుతుంటే చల్లగా ఉంటుంది. పైన విజయవాడ ఎండ, హారన్లు. కింద ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆ మందు స్థానికంగా తయారవదు. రాత్రి వేరే నగరంలో చేసి, సీసపు డబ్బాలో పెట్టి, తెల్లవారేసరికి కారులో తెస్తారు. దాదాపు రెండు గంటలకోసారి దాని శక్తి సగమైపోతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందులో మిగిలేది మామూలు చక్కెరే.

అక్కడ పరిచయమైనవాళ్ళు గ్రేసమ్మగారు, ఆమె భర్త ఆనందరావుగారు. గుడివాడ నుంచి వచ్చారు. ఆమె రిటైరైన స్కూలు టీచరు. ఒళ్ళో బైబిలు, దాని మీద టిఫిన్ బాక్సు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ళుగా మతిమరుపు. అది వయసుదో జబ్బుదో తేల్చడానికి మెదడు స్కాను. మెదడు కూడా చక్కెరతోనే బతుకుతుందని, ఏ భాగం తిండి తగ్గించిందో చూస్తే జబ్బు పేరు తెలుస్తుందని ఆమెకు డాక్టరు చెప్పారట.

"మీ వాళ్ళకి ఎక్కువ తింటే జబ్బు, మా వాళ్ళకి తక్కువ తింటే జబ్బు," అన్నారామె. నాకంటే బాగా చెప్పారు.

సుజాత అనే టెక్నీషియన్ వచ్చి నియమాలు చెప్పింది. సూది వేశాక మసకగదిలో పడక్కుర్చీలో గంట కూర్చోవాలి. మాట్లాడకూడదు, నమలకూడదు, ఫోన్ చూడకూడదు, కదలకూడదు. ఏ కండరం పనిచేస్తే అది చక్కెర లాక్కుంటుంది. రేడియేషన్ ఉంటుంది కాబట్టి తోడు వచ్చినవాళ్ళు లోపలికి రాకూడదు.

బావగారు తలూపి లోపలికి వెళ్ళారు. ఆయన వెనక ఇంకో గదిలోకి ఆనందరావుగారిని తీసుకెళ్ళారు. అయిదు నిమిషాల్లో ఆనందరావుగారు తలుపు తీసుకుని బయటికొచ్చారు.

"బండి టైమైంది," అన్నారు.

"ఇవాళ డ్యూటీ లేదండీ, కూర్చోండి," అన్నారు గ్రేసమ్మగారు.

కూర్చోబెట్టారు. మళ్ళీ వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు చేతికున్న సూది గొట్టం లాగేసుకున్నారు, చొక్కా మీద రక్తం. ఇంకా మందు ఎక్కించలేదు కాబట్టి సరిపోయింది. ఇవాళ కుదరదని, ఎల్లుండి మళ్ళీ రమ్మని సుజాత చెప్పింది. గ్రేసమ్మగారు చొక్కా తుడుస్తూ, "కావాలనే చేస్తారండీ ఈయన. ఇంట్లోనూ ఇంతే," అన్నారు.

మధ్యాహ్నం మమ్మల్ని స్కాన్ సెంటరు డాక్టరుగారు లోపలికి పిలిచారు. తెర మీద బావగారి శరీరం బూడిదరంగులో ఉంది. దవడ కింద గడ్డ ఎర్రగా వెలుగుతోంది. దాని కింద, మెడ మధ్యలో, స్వరపేటిక రెండు వైపులా ఇంకా ఎర్రగా వెలుగుతోంది.

ఆ నిమిషంలో నాకు తెలిసిన ఫిజిక్స్ ఏదీ నాకు అక్కరకు రాలేదు. బావగారు తెర వైపు చూసి, తన గొంతు మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ తీసేశారు.

"ఒక్క నిమిషమండీ," అన్నారు డాక్టరుగారు. "కుడి ముంజేయి కూడా వెలిగింది. అక్కడ జబ్బుండే అవకాశం లేదు. లోపల మీరేం చేశారు?"

"ఏమీ చేయలేదండీ. కదలకుండా కూర్చున్నాను."

"మాట్లాడారా?"

"ఒక్క మాట కూడా లేదు."

సుజాత గుమ్మంలోంచి అంది. "సార్, కెమెరాలో చూశాను. పెదాలు ఆడుతున్నాయి, చెయ్యి తొడ మీద ఆడుతూనే ఉంది. జపమనుకున్నాను సార్. ఇక్కడికొచ్చినవాళ్ళు ఏదో ఒకటి చదువుకుంటారు కదా, ఆపబుద్ధి కాలేదు."

బావగారు ఆమెవైపు తిరిగారు. "జపం కాదమ్మా. జతులు. లోపల్లోపలే. బయటికి రాలేదుగా."

"ఎంతసేపు బావగారూ?" అన్నాను.

"పూర్వరంగం నుంచి మొదలుపెట్టాను. తిల్లానా అయిపోయి మంగళం దగ్గరున్నా, పిలిచారు."

మనిషిని మాట్లాడొద్దని కూర్చోబెడితే గంటలో పూర్తి ప్రదర్శన నడిపి వచ్చారు. ఇంకొకరైతే అబద్ధమాడుతున్నారనుకునేవాణ్ణి. నలభై ఏళ్ళు తాళం వేసిన చేతికి అది కదలికని తెలియదు, అంతే. గాలి పీల్చడాన్ని మనమూ పనిలో జమకట్టం కదా.

"ఇది కండరం వెలుగో, జబ్బు వెలుగో ఈ బొమ్మలో చెప్పలేను," అన్నారు డాక్టరుగారు. "రెండు వైపులా సమానంగా ఉంది కాబట్టి కండరమే అనిపిస్తోంది. అనిపించడం మీద మీ గొంతు విషయం నిర్ణయించలేం. రేపటి మందు వేరేవాళ్ళకు పంచేశాం. ఎల్లుండి మళ్ళీ చేద్దాం. ఈసారి మనసులో కూడా వద్దు."

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"గంటసేపు నోరు మూసుకోలేకపోయారా?" అంది అక్క. "మా పెళ్ళైన కొత్తలో నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఫోనివ్వు ఆయనకి."

ఇచ్చాను. బావగారు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా విన్నారు. ఆ పద్ధతిలో స్కాన్ చేసి ఉంటే బాగుండేది. ఆ పూట అన్నం తినొచ్చు కాబట్టి, మూడుసార్లు పెట్టించుకున్నారు.

వన్ టౌన్

మూడోరోజు పొద్దున్న లాడ్జి గదిలో సాధన పెట్టాను. కుర్చీలో కూర్చోబెట్టి, నేను గడియారం పట్టుకున్నాను. నాలుగు నిమిషాలకు కుడి చూపుడు వేలు లేచింది. అది ఆపితే కాలి బొటనవేలు అందుకుంది. కాలు ఆపితే పెదాలు.

"ఇంకేదైనా తలచుకోండి," అన్నాను.

"ఏం తలచుకున్నా తాళంలోనే వస్తోందోయ్."

మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటే మా చుట్టరికం దెబ్బతింటుందని వన్ టౌన్ తీసుకెళ్ళాను. కూచిపూడిలో కొట్టువాడికి మన తాతపేరు తెలుసు, మనకేం కావాలో కూడా తెలుసు. వన్ టౌన్‌లో ఎవరికీ మనమెవరో అక్కర్లేదు, ఎన్ని డజన్లు కావాలన్నదే అక్కర. తోపుడుబండివాడు మూటల వెనక నుంచి "సైడ్ సైడ్" అంటాడు, మనం సందులేని గోడలోకి జరగాలి. రెండు ఆటోలు ఎదురుపడితే ఎవరు వెనక్కి పోవాలన్నది మూడో ఆటోవాడు నిర్ణయిస్తాడు.

ఒక ఇత్తడి సామాన్ల కొట్టు ముందు బావగారు ఆగారు. నట్టువాంగం తాళాల జత ఒకటి తీసి, ఒకదానితో ఒకటి తాకించి, చెవి దగ్గర పెట్టుకుని ఆ మోత ఆగేదాకా విన్నారు. కొట్టాయన రాజస్థాన్ మనిషి, తెలుగు మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు.

"మంచి కంచు గురువుగారూ. పన్నెండు వందలు. మీకు వెయ్యి."

"నాకు ఉన్నాయి."

"ఇంకో జత ఉంటే తప్పేముందండీ?"

"ఇవి మోగడానికి పక్కన గొంతుండాలి," అన్నారు బావగారు. "అది ఉంటుందో లేదో రేపటికి తెలుస్తుంది. అప్పుడొస్తాను."

కొట్టాయన తాళాలు తుడిచి లోపల పెట్టి, రెండు టీలు తెప్పించాడు. బావగారి దాంట్లో చక్కెర వద్దని చెప్పాను. టీ డబ్బులు తీసుకోలేదు. వన్ టౌన్‌లో అది ఎంత అరుదో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

బయటికొచ్చాక బావగారు నడుస్తూ అన్నారు. "గొంతు పోతే పిల్లలు రారోయ్. వేళ్ళతో లెక్కలు చెబితే ఎవరు నేర్చుకుంటారు?"

 

మళ్ళీ నేల కింద

నాలుగోరోజు ఏడింటికి దిగేసరికి గ్రేసమ్మగారు అదే కుర్చీలో ఉన్నారు. ఆనందరావుగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, మాట్లాడకుండా, శాంతంగా కూర్చున్నారు.

"చెయ్యి పట్టుకుంటే ఎంతసేపైనా ఉంటారండీ," అన్నారామె సుజాతతో. "నన్ను లోపలికి రానీయరాదా? ఈ వయసులో నాకేమవుతుంది?"

"రూలు ఒప్పుకోదమ్మా. మందు ఎక్కినవాళ్ళు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు," అంది సుజాత.

అప్పుడామె బావగారివైపు చూశారు. టీచర్లకు వెనక బెంచీవాణ్ణి చూసి పని అప్పగించే అలవాటుంటుంది. "మాస్టారూ, మీకూ మందు ఎక్కిస్తారుగా. మీరు పట్టుకోరాదూ?"

బావగారు తన కుడిచెయ్యి చూసుకున్నారు. "అమ్మా, అది ఖాళీగా ఉంటేనే నాకు కష్టం. నా చెయ్యి ఆగితే నోరూ ఆగుతుంది. రెండూ కలిసే తిరుగుతాయి."

సుజాత పైకెళ్ళి డాక్టరుగారిని అడిగొచ్చింది. "ఇద్దరూ మాట్లాడుకోకపోతే సరేనన్నారు," అంది.

కెమెరా తెర ఉన్న గదిలోకి మమ్మల్ని ఒక్క నిమిషం రానిచ్చింది. రెండు పడక్కుర్చీలు పక్కపక్కన. దుప్పట్లు కప్పుకుని, చేతులు పట్టుకుని, ఎదురుగోడ చూస్తూ ఇద్దరు ముసలివాళ్ళు, పెళ్ళిచూపుల్లో పెద్దలు బయటికెళ్ళిపోయాక మిగిలినవాళ్ళలా. ఆనందరావుగారు ఒకసారి లేవబోయారు. బావగారు చెయ్యి కాస్త బిగించారు. ఆయన మళ్ళీ ఆనుకున్నారు. బావగారి పెదాలు కదల్లేదు. నేను అంత శ్రద్ధగా ఎవరి పెదాలూ చూసి ఎరగను.

నలభై నిమిషాలకు ఆనందరావుగారిని స్కానుకు తీసుకెళ్ళారు. బావగారికి ఇంకో ఇరవై నిమిషాలు మిగిలాయి. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నారని సుజాత తర్వాత చెప్పింది.

దూరం నుంచి వచ్చామని ఆ మధ్యాహ్నమే రిపోర్టు చెప్పారు. ముందు మమ్మల్ని పిలిచారు. తెర మీద గడ్డ వెలుగుతోంది. స్వరపేటిక ఉండాల్సిన చోట బూడిదరంగు. ముంజేయి బూడిదరంగు. గొంతు పైభాగంలో ఎడమ టాన్సిల్ దగ్గర శనగగింజంత ఎర్రచుక్క.

"ఇదీ పుట్టిల్లు. మొన్న నోటి కండరాల వెలుగులో కలిసిపోయి కనపడలేదు," అన్నారు డాక్టరుగారు. "ముక్క తీసి పరీక్ష చేసి ఖాయం చేస్తారు. వైద్యం దీనికి, గడ్డకి. స్వరపేటిక జోలికి వెళ్ళే పని కనపడట్లేదు."

"పాడొచ్చాండీ?"

"రేడియేషన్ ఇస్తే కొన్ని నెలలు నోరు ఎండుతుంది, మింగడం కష్టం, గొంతు బొంగురు పోతుంది. తర్వాత పాడొచ్చు."

"బొంగురు ఆయనకి ముందు నుంచీ ఉందండీ," అన్నాను.

బావగారు నా వైపు తిరిగి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

తర్వాత గ్రేసమ్మగారు వెళ్ళారు. పది నిమిషాల్లో వచ్చారు. మెదడు వెనకభాగాల్లో రెండు పక్కలా తిండి తగ్గిపోయిందట, అల్జీమర్స్ అన్నారట. మందులు జబ్బును వెనక్కి తిప్పలేవని కూడా చెప్పారట. ఆమె ఏడవలేదు. టిఫిన్ బాక్సు తెరిచి ఉప్మా ఒక చెంచా ఆయన నోటికి అందించారు.

"మూడేళ్ళు తిట్టానండీ ఈయన్ని," అన్నారు నాతో. "కావాలని చేస్తున్నారనుకున్నా. గుడివాడ వెళ్ళగానే మా పాస్టరమ్మగారి దగ్గర కూర్చుని ముందు అది చెప్పుకోవాలి."

ఆనందరావుగారు ఉప్మా తిని, బావగారికి చెయ్యి ఊపారు. ఎవరో గుర్తుండి ఊపారో, బండి కదిలేటప్పుడు ఊపే అలవాటుతో ఊపారో చెప్పలేను.

తిరుగు బస్సు

వచ్చేముందు సుజాత ఆఖరి కాగితం ఇచ్చింది. నీళ్ళు బాగా తాగాలి. రాత్రి వరకు చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి.

అయిదింటి బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఇలాంటి అదృష్టం నిలవదని తెలిసి నేను బయటికి అనలేదు. కంకిపాడులో నిండు గర్భిణి ఒకామె ఎక్కి మా సీటు పక్కన నిలబడింది. లేచేవాణ్ణి నేను కావాలి. నాకంటే ముందు బావగారు లేచి, నన్ను తోసుకుని, బస్సు చివరికి వెళ్ళి డ్రైవరుకు అత్యంత దూరంగా ఉన్న కడ్డీ పట్టుకున్నారు.

"పెద్దాయన్ని లేపేశానండీ," అంది ఆమె నొచ్చుకుంటూ నా పక్కన కూర్చుని. "ఆయన్ని రమ్మనండి, నేను సర్దుకుంటాను."

నేను వెనక్కి వెళ్ళాను. "బావగారూ, సూది వేసి ఎనిమిది గంటలు దాటింది. రెండు గంటలకి సగం చొప్పున లెక్కేస్తే పదహారో వంతు కూడా లేదు. వచ్చి కూర్చోండి. నేను నిలబడతాను."

"పదహారో వంతు ఉందంటావ్."

"ఉన్నట్టు కాదు."

"లేనట్టూ కాదుగా. ఆమెకి చెప్పు, నాకు నిలబడ్డం అలవాటని."

చెప్పాను. ఆమె నమ్మలేదు. ఉయ్యూరులో మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. వాటిలో ఒకటి చంటిపిల్లతో ఉన్న తల్లి వెనక, ఒకటి పక్కన, ఒకటి ముందు. బావగారు మూడూ చూసి, కడ్డీ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. అంతలో అక్క ఫోన్ చేసింది. స్కాను సంగతి మధ్యాహ్నమే చెప్పాను, అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది.

"కూర్చున్నారా ఆయన?" అంది చివర్లో.

"లేదు. బెజవాడ నుంచి కంకిపాడు దాకా కూర్చున్నారు, అంతే."

"సీట్లు లేవా?"

"ఉన్నాయి."

"మరి నాలుగు రోజులు తిండీ నిద్రా లేని మనిషి, కళ్ళు తిరగవూ?"

నేను వెనక్కి చూశాను. బావగారు వెనకద్దంలోంచి పోతున్న చెరకు తోటల్ని చూస్తూ నిటారుగా నిలబడి ఉన్నారు.

"లేదక్కా," అన్నాను. "చూస్తుంటే బందరు దాకా ఇలాగే వెళ్ళి వెనక్కి వచ్చేట్టున్నారు. నువ్వు అన్నం వండి పెట్టు. కాస్త ఎక్కువే వండు."